ఆ పెన్‌డ్రైవ్‌ని ఇంక పెట్టి చూడకు

అమ్మలూ,

నిన్న రాత్రి ఫోన్‌లో నీ ఏడుపే గానీ మాటలు సరిగ్గా వినబడలేదు. పొద్దున్న మీ అమ్మ మొత్తం చెప్పింది. మంచం మీంచి లాప్‌టాప్ జారి పడిందట, దానికున్న పెన్‌డ్రైవ్ వంగిపోయిందట, అమ్మమ్మ పత్తి దువ్వుతూ రాట్నం తిప్పుతూ చెప్పిన కబుర్లన్నీ అందులోనే ఉన్నాయట. నీకు అమ్మమ్మ, నాకు అమ్మ. ఆవిడ గొంతు మన ఇంట్లో ఇంకెక్కడా లేదు. కాబట్టి ఇది నీ ఒక్కదాని టెన్షన్ కాదు. ఎల్లుండి నాకు కంటి ఆపరేషన్, తర్వాత కొన్నాళ్లు సన్నపని చెయ్యలేను. అందుకే నువ్వే చేసుకోగలిగేలా అన్నీ రాస్తున్నాను. ఆఖరుదాకా చదివాకే దాని మీద చెయ్యి వెయ్యి.

ముందు దాన్ని ఒక చిన్న డబ్బాలో దూది వేసి పెట్టు. ఇంక లాప్‌టాప్‌కి పెట్టి చూడకు. ఈసారి వస్తుందేమోనని పదిసార్లు పెట్టావట. ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. పెన్‌డ్రైవ్‌కి లాప్‌టాప్‌లో దూర్చే ఇనప మూతి ఉంటుంది కదా, దాని వెనక బోర్డు మీద నాలుగు చిన్న రాగి చుక్కలు ఉంటాయి. మూతి లోపలి నాలుగు కాళ్లు వాటికి టంకంతో అతుక్కుని ఉంటాయి. చివరి రెండు కాళ్లూ కరెంటువి, మధ్య రెండూ డేటావి. వంగినప్పుడు ఆ టంకం చీలుతుంది. చివరివి అంటుకునే ఉండి మధ్యవి ఊడితే, నీకు కనబడినట్టే లైటు వెలుగుతుంది గానీ కంప్యూటర్ గుర్తుపట్టదు. అంతవరకే అయితే లోపల పోయిందేమీ లేదు, మళ్లీ అతికితే చాలు. కానీ కదిపి కదిపి పెడుతుంటే ఆ కాలు తనతోపాటు రాగి చుక్కని కూడా పెరికేస్తుంది. అప్పుడు అతకడానికి చోటే ఉండదు.

మధ్యలో ఒకసారి డ్రైవ్ కనబడి "ఫార్మాట్ చెయ్యాలి" అని అడిగిందన్నావు. నొక్కలేదు కదా, చాలా మంచి పని చేశావు. "స్కాన్ అండ్ ఫిక్స్" అని అడిగినా నొక్కకు. ఆ తప్పు నేను చేశాను. విజయనగరంలో డీటీపీ సెంటర్ నడిపిన రోజుల్లో ఒక మాస్టారు తన పద్యాల పుస్తకం ఉన్న పెన్‌డ్రైవ్ తెచ్చారు. బాగుచేస్తానంటోంది కదా అని విండోస్‌లో డిస్కుల తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ నడిపాను. అయ్యాక చూస్తే ఆయన ఫోల్డర్లు లేవు. ఫౌండ్ అని ఒకే ఫోల్డర్, దాని నిండా సీహెచ్‌కే అనే తోకతో ముక్కలు. సగం పద్యాలు కూడా వెనక్కి రాలేదు. విండోస్‌కి కావలసింది డ్రైవ్ మళ్లీ తెరుచుకోవడం. అందుకని అది ఆ డ్రైవ్ మీదే రాతలు మార్చేస్తుంది. మనకి కావలసింది డ్రైవ్ కాదు, అందులోని ఫైళ్లు. ఈ తేడా మనసులో పెట్టుకో.

ఫైలు పోవడం అంటే ఏమిటో మన పొలం లెక్కలో చెబుతాను. ఊరి పొలాల లెక్క రాసే అడంగల్‌లో ఒకరి పేరు కొట్టేసినంత మాత్రాన పొలం ఎక్కడికీ పోదు, గట్లూ మడులూ అలాగే ఉంటాయి. ఇంకొకరు వచ్చి దుక్కి దున్నితే పాత పంట ఆనవాలు పోతుంది. పెన్‌డ్రైవ్ కూడా అంతే. ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే పట్టిక ఒకటి ఉంటుంది. ఫైలు డిలీట్ చేస్తే పట్టికలో ఆ పేరు మొదటి అక్షరం మీద ఒక గుర్తు పెట్టి, ఆ చోటు ఖాళీ అని రాసుకుంటుంది. అసలు డేటా అక్కడే ఉంటుంది. పడినప్పుడు కరెంటు మధ్యలో తెగి నీ డ్రైవ్‌లో ఆ పట్టిక చెదిరి ఉండాలి, అందుకే ఫార్మాట్ అడుగుతోంది. పంట ఇంకా ఉంది. దాని మీద ఎవరూ దున్నకుండా చూసుకోవడమే మన పని.

ఇక చెయ్యాల్సింది. పొందూరు నుంచి శ్రీకాకుళమైనా విజయనగరమైనా నీకు దగ్గరే. ఫోన్ బోర్డులకి మైక్రోస్కోప్ కింద టంకం పెట్టే మనిషి దగ్గరికి వెళ్లు. ఫోన్ కవర్లూ గ్లాసులూ అమ్మే కొట్టుకి వద్దు. పాత మూతిని సరిచేయమని అడగకు. ఒక యూఎస్‌బీ కేబుల్ కోసి, దాని నాలుగు తీగలనీ నేరుగా బోర్డు మీది నాలుగు చుక్కలకి అతకమను. మామూలుగా ఎరుపు అయిదు వోల్టుల కరెంటు, నలుపు గ్రౌండ్, తెలుపూ ఆకుపచ్చా డేటా. చవక కేబుళ్లలో రంగులు తారుమారు అవుతుంటాయి కాబట్టి మీటరు పెట్టి చూసుకోమని చెప్పు. ఎరుపూ నలుపూ మారితే చిప్ కాలిపోతుంది. ఇలా అతికితే మళ్లీ ఎవరూ ఏదీ కదపక్కర్లేదు.

ప్లాస్టిక్ తీశాక లోపల విడిగా చిప్పులు కనబడకుండా అంతా ఒకే నల్లబిళ్లలా ఉంటే అక్కడితో ఆగిపో. అది ఈ కొట్లలో అయ్యే పని కాదు, హైదరాబాద్ లాంటి చోట డేటా రికవరీ ల్యాబ్‌కి పంపాలి. పంపే ముందు ఫైళ్లు రాకపోతే డబ్బులు తీసుకుంటారా లేదా అని రాతపూర్వకంగా అడుగు. ఖర్చు సంగతి నువ్వు ఆలోచించకు, అది నేను చూసుకుంటాను.

అతికాక లాప్‌టాప్‌కి పెట్టి విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఒక్కటే చూడు, సైజు. నీది 16 జీబీది కాబట్టి విండోస్ లెక్కలో 14.9 జీబీకి దగ్గరగా చూపిస్తే చిప్ ప్రాణంతో ఉన్నట్టే. పక్కన "రా" (RAW) అని ఉన్నా భయపడకు, పట్టిక చెడిందని దానర్థం. "నో మీడియా" అనో సున్నా అనో చూపిస్తే మాత్రం డ్రైవ్‌ని నడిపించే కంట్రోలర్ చిప్‌కి, ఫైళ్లు దాచే మెమరీ చిప్ అందట్లేదు. అప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ నడిపినా ఉపయోగం లేదు, ల్యాబ్ ఒక్కటే దారి.

సైజు సరిగ్గా కనబడితే ఫైళ్లు వెతకడానికి తొందరపడకు. ముందు మొత్తం డ్రైవ్‌కి నకలు తియ్యి. ఫైళ్లు కాపీ చెయ్యడం కాదు నేను చెప్పేది. ఖాళీ అని రాసున్న చోట్లతో సహా మొదటి నుంచి చివరిదాకా ఉన్నదున్నట్టు ఒకే పెద్ద ఫైలుగా తీసుకోవాలి. దాన్నే ఇమేజ్ అంటారు. 16 జీబీ డ్రైవ్‌లో రెండు జీబీయే వాడినా ఇమేజ్ పూర్తి సైజులో వస్తుంది, లాప్‌టాప్‌లో చోటు చూసుకో. నీకు చదువుకునేటప్పుడే విండోస్ బదులు ఉబుంటు అలవాటైంది కాబట్టి, అందులో ఇమేజ్ తీసే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం వాడు. అది బాగున్న భాగాలన్నీ ముందు చదివేసి, మొరాయించే చోట్లకి తర్వాత వస్తుంది. మ్యాప్ ఫైలు ఒకటి ఇస్తే ఎక్కడిదాకా చదివిందో అందులో రాసుకుంటుంది, మధ్యలో ఆగినా అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. ఒక్క ప్రమాదం ఉంది. ఎక్కడి నుంచి, ఎక్కడికి అన్నది తారుమారైతే అమ్మమ్మ గొంతు మీద ఖాళీ రాసేస్తావు. ఎంటర్ నొక్కే ముందు సైజు చూసి డ్రైవ్ పేరు సరిచూసుకో, పక్కనున్న వాళ్లకి పైకి చదివి వినిపించు.

ఇమేజ్ వచ్చాక పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ దూదిలో పెట్టెయ్. ఇక మీదట పనంతా ఇమేజ్ మీదే. దానికీ ఒక కాపీ తీసుకుని ఆ కాపీ మీద చెయ్యి.

వెతకడానికి టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ అని రెండు ఉచిత ప్రోగ్రాములు కలిసే వస్తాయి. ముందు టెస్ట్‌డిస్క్‌లో ఇమేజ్ తెరువు. పట్టిక కొంచెం మిగిలున్నా ఫోల్డర్లూ పేర్లూ కనబడతాయి, అక్కడి నుంచి వేరే చోటికి కాపీ చేసుకో. అది కుదరకపోతేనే ఫోటోరెక్. అది పట్టిక జోలికి పోదు. ప్రతి ఫైలు మొదట్లోనూ ఆ రకానికి తగ్గ గుర్తు ఉంటుంది, దాన్ని బట్టి ఏరుకుంటూ పోతుంది. అందుకే పేర్లు పోతాయి. ఎఫ్ అక్షరం పక్కన పొడుగు నంబర్లతో వందల ఫైళ్లు వచ్చి పడతాయి, చూసి బెంబేలెత్తకు. ఫోటోల లోపల తీసిన తేదీ దాగి ఉంటుంది, తేదీ ప్రకారం సర్దితే చాలావరకు వరసలోకి వస్తాయి. రికార్డింగులు మాత్రం ఒక్కొక్కటీ వినాల్సిందే. ఏదైనా ప్లే అవ్వకపోతే పారెయ్యకు. ఫోన్ రికార్డింగుల్లో లోపలి సూచిక ఒక్కోసారి ఫైలు చివర్లో ఉంటుంది, అది తెగితే మిగతాదంతా బాగున్నా ప్లే కాదు. అదే ఫోన్‌తో చేసిన మంచి రికార్డింగు ఒకటి నమూనాగా ఉంటే దాన్ని బట్టి సరిచెయ్యొచ్చు. అందుకే ఆ పాత ఫోన్ ఎవరికీ ఇవ్వకు.

నేను అను ఫాంట్లలో టైప్ చేసిచ్చిన అమ్మమ్మ పాటల వర్డ్ ఫైలు కూడా అందులో ఉండాలి. తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలూ పిచ్చి గుర్తులూ కనబడితే పాడైందని డిలీట్ చేసేస్తావేమో, చెయ్యకు. ఫాంట్ లేకపోతే అది అలాగే కనబడుతుంది. ఫైలు పంపు, చూసి పెడతాను.

డ్రైవ్ డబ్బాలో ఉన్న ఈ రెండు రోజులూ నీకు వేరే పని ఉంది. అమ్మమ్మ రికార్డింగులు ఎవరెవరికి వాట్సాప్‌లో పంపావో గుర్తు తెచ్చుకో. పిన్ని ఫోన్‌లో, రాజాంలో ఉన్న అత్త ఫోన్‌లో అడిగి వెతికించు. ఫోటోలూ వీడియోలూ అయితే గూగుల్ ఫోటోస్‌లో బిన్ కూడా చూడు, బ్యాకప్ అయినవి డిలీట్ చేసినా 60 రోజులు అందులో ఉంటాయి. దొరికినవాటి జాబితా రాసి పెట్టుకో, డ్రైవ్‌లో ఇంకా ఏం వెతకాలో తెలుస్తుంది.

ఆ వాలుగ చేప దవడతో అమ్మ పత్తి దువ్వుతుంటే చిన్నప్పుడు పక్కన కూర్చునేవాణ్ని. పళ్లు సన్నగా సూదుల్లా ఉండేవి. నేను గబగబా లాగితే నా చెయ్యి పట్టుకుని ఆపి, పోగు తెగుతుంది నాయనా, మెల్లగా, అనేది. నువ్వు చేసిన రికార్డింగుల్లో ఆ దవడ గురించి చెప్పింది ఒకటి ఉందని మీ అమ్మ అంది. అది దొరికితే మిగతావాటి కోసం ఆగకు, ఏ వేళైనా సరే ఫోన్ చేసి వినిపించు. కంటికి కట్టు ఉన్నా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఉంటాను.

మీ మావయ్య
విజయనగరం