ట్యూబు రాస్తే తగ్గుతోంది, ఆపితే మళ్లీ వస్తోంది!

ఈ నెల ఉత్తరాల్లో తామర గురించినవే ఎక్కువ. అందుకే మొదటి జవాబు కాస్త పొడవైంది. మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లె. నా వయసు 24. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటున్నాను. గజ్జల్లో, నడుము చుట్టూ తామర వచ్చింది. మెడికల్ షాపులో ఒక ట్యూబు ఇచ్చారు. రాసిన రెండు రోజులకే దురద పోతుంది, ఆపిన వారానికి మళ్లీ మొదలు. ఎనిమిది నెలలుగా ఇదే వరస. ఇప్పుడు తొడల మీదికి పాకింది, లోపలివైపు ఎర్రటి చారలు కూడా పడ్డాయి. ఇంకా పవర్ ఉన్న ట్యూబు ఏదైనా చెప్పండి.

జవాబు: పవర్ ఉన్న ట్యూబే మిమ్మల్ని ఇక్కడిదాకా తెచ్చింది. ఒకసారి దాన్ని చేతిలోకి తీసుకుని, పైన పెద్దక్షరాల్లో ఉన్న పేరు వదిలేసి, కింద సన్నగా రాసి ఉన్న మందుల పేర్లు చదవండి. క్లోబెటసాల్, బెటామెథసోన్, మొమెటసోన్, బెక్లోమెథసోన్... వీటిలో ఏది కనిపించినా అందులో స్టెరాయిడ్ కలిసినట్టే. మీరు చెప్పిన చారలను బట్టి చూస్తే అది బాగా ఘాటైన రకమే అయ్యుంటుంది.

తామర ఒక ఫంగస్. చర్మం పైపొరలో ఉండే కెరటిన్ అనే ప్రోటీన్‌ను తిని బతుకుతుంది. దాన్ని తరిమేయడానికి ఒళ్లు చేసే పోరాటం వల్లే ఆ ఎరుపు, ఆ దురద. స్టెరాయిడ్ రాయగానే పోరాటం ఆగిపోతుంది, దురద తగ్గుతుంది, మీకు ప్రాణం లేచొస్తుంది, ఫంగస్‌కి మాత్రం ఇక అడ్డూ అదుపూ ఉండదు. మామూలు తామరకు గుండ్రటి ఎర్రటి అంచు ఉంటుంది, మధ్యలో తేటగా ఉంటుంది. స్టెరాయిడ్ రాసినవాళ్లలో ఆ అంచు చెరిగిపోతుంది, ఒక చక్రం లోపల ఇంకో చక్రం లేస్తుంది, చూసి పోల్చుకోవడం ఒక్కోసారి మా చర్మ డాక్టర్లకే కష్టం. అలాంటప్పుడు మొద్దు బ్లేడుతో అంచు దగ్గర కొంచెం పొట్టు గీకి, గాజు పలక మీద వేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తాం. చర్మపు కణాలు తేటపడి, వాటికి అడ్డంగా పోతున్న సన్నటి ఫంగస్ పోగులు బయటపడతాయి. పెద్ద ఖర్చు లేదు, ఆ పూటే తేలిపోతుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఈ పరీక్ష గురించి అడగండి.

ఆ చారలు మాత్రం పూర్తిగా పోవు. చర్మం పలచబడి లోపల చిట్లిన గుర్తులవి, ఎరుపు తగ్గి తెల్లగా మిగులుతాయి. 24 ఏళ్ల కుర్రాడికి ఈ మాట రాయాల్సి రావడం నాకు కోపం తెప్పిస్తోంది, మీ మీద కాదు. చాలా స్టెరాయిడ్ క్రీములను 2018లోనే కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. కౌంటర్ దగ్గర మాత్రం ఇప్పటికీ అడిగిందే తడవుగా ఇచ్చేస్తున్నారు.

ఇక చికిత్స. ఇప్పుడు మన దేశంలో తిరుగుతున్న తామర వెనకటి తామర కాదు. దీనికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని విడిగా పేరు పెట్టారు. ఒకప్పుడు టెర్బినాఫిన్ మాత్రతో తేలిగ్గా పోయేది, ఈ రకం చాలామందిలో ఆ మందుకు లొంగడం లేదు. ఇట్రాకొనజోల్ క్యాప్సూల్స్ ఎక్కువ మందిలో పనిచేస్తున్నాయి గానీ రెండు వారాలతో అయిపోయే పని కాదు, నెలా రెండు నెలలు పట్టొచ్చు. వీటిని భోజనం చేశాక వేసుకోవాలి. చాలామంది పొద్దున్నే గ్యాస్ మాత్ర కూడా మింగుతారు, పాంటాప్రజోల్ లాంటివి, వాటివల్ల కడుపులో ఆమ్లం తగ్గి ఈ క్యాప్సూల్ ఒంటికి పట్టదు. మందు పనిచేయడం లేదని వచ్చినవాళ్లను నేను ముందు అడిగేది ఇదే. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఇది పడదు, కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలతో కలిస్తే ప్రమాదం, కాబట్టి మీరు వాడే మందులన్నీ డాక్టర్‌కి చెప్పి రాయించుకోండి, సొంతంగా కొనొద్దు.

పైన రాయడానికి స్టెరాయిడ్ లేని ఫంగస్ క్రీము చాలు. మచ్చ మీదే కాకుండా అంచు దాటి ఒక అంగుళం మేర రాయాలి, మచ్చ పోయాక కూడా రెండు వారాలు ఆపకూడదు. పాత ట్యూబు మానేశాక కొన్నాళ్లు దురద విపరీతంగా రావచ్చు. అదే గండం. చాలామంది అక్కడే ఓడిపోయి మళ్లీ షాపుకి వెళతారు. దురదకు మాత్ర ఇస్తారు, ఓర్చుకోండి.

మొలతాడు ఉంటే తీసేయండి. చెమట, తడి పట్టుకుని ఫంగస్ అందులోనే కాపురం పెడుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే నయమయ్యాక కొత్తది కట్టుకుంటానని చెప్పండి. బిగుతు జీన్స్ వద్దు, హాస్టల్లో తువ్వాలు ఎవరితోనూ పంచుకోవద్దు, లోదుస్తులు వేడినీళ్లలో ఉతికి తిరగేసి ఎండలో ఆరేయండి. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే అందరూ ఒకేసారి మందు వాడాలి, లేకపోతే సెలవులకి వెళ్లినప్పుడల్లా మళ్లీ అంటించుకుని వస్తారు.

ప్రశ్న: మాది ఖమ్మం, నాకు 36 ఏళ్లు. రెండో కాన్పు తర్వాత బుగ్గల మీద మంగు వచ్చింది. తెలిసినావిడ ఒక చిన్న డబ్బాలో క్రీము ఇచ్చింది, పేరు కూడా లేదు. నెలలో ముఖం మెరిసిపోయింది, అందరూ అడిగారు. ఇప్పుడు ఒక్క రోజు మానేస్తే ముఖమంతా ఎర్రబడి మండుతోంది, ఎండలోకి వెళ్లలేను, గడ్డం మీద వెంట్రుకలు కూడా వస్తున్నాయి. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీరు రాసిన లక్షణాలు స్టెరాయిడ్ క్రీము నెలల తరబడి వాడిన ముఖంలో కనిపించేవే. ఎరుపు, మంట, మొటిమలు, వెంట్రుకలు, మానేస్తే తట్టుకోలేకపోవడం, అన్నీ. పైగా పేరు లేని డబ్బా అంటున్నారు, అందులో పాదరసం కూడా ఉండొచ్చు. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో తెల్లబడే క్రీములు వాడినవాళ్లకి కిడ్నీ జబ్బు వచ్చిన కేసులు బయటపడ్డాయి. అందుకే ఆ డబ్బా పారేయకుండా డాక్టర్‌కి చూపించండి, ఒక మూత్ర పరీక్ష కూడా చేయించుకోండి. కాళ్ల వాపు గానీ మూత్రంలో నురుగు గానీ ఉంటే ఆలస్యం చేయొద్దు.

క్రీము మానేశాక కొన్ని వారాలు ముఖం ఇప్పటికంటే అధ్వానంగా ఉంటుంది. ముందే చెబుతున్నాను, భయపడి మళ్లీ ఆ డబ్బా మూత తీయకండి. ఆ కొన్ని వారాలూ వాసన లేని మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ తప్ప ముఖానికి ఏమీ వద్దు. పసుపు, నిమ్మరసం, శనగపిండి, అన్నీ పక్కన పెట్టండి. మంటకు, మొటిమలకు డాక్టర్ మాత్రలు ఇస్తారు.

మంగు సంగతి ఆ తర్వాత చూసుకుందాం. కాన్పు, గర్భనిరోధక మాత్రలు, ఎండ, వంశపారంపర్యం, ఇవన్నీ కలిస్తే వచ్చేది ఇది, పూర్తిగా పోయిందనుకున్నా వేసవి రాగానే తొంగిచూస్తుంది. దీనికి అసలు మందు సన్‌స్క్రీనే. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా పిండినంత క్రీము ముఖానికి, మెడకి కావాలి, చాలామంది అందులో పావు వంతు కూడా రాయరు. కంటికి కనిపించే వెలుగు కూడా మంగును పెంచుతుంది కాబట్టి ఐరన్ ఆక్సైడ్ ఉన్న, లేత రంగు కలిపిన రకం మీకు మేలు. తర్వాత మంగును తగ్గించే అజెలాయిక్ ఆమ్లం క్రీము లాంటివి నెమ్మదిగా మొదలుపెట్టొచ్చు. ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు బాగా పనిచేస్తాయని ఎవరైనా చెబితే సొంతంగా వేసుకోవద్దు, రక్తం గడ్డకట్టే జబ్బు మీకో మీ ఇంట్లోవాళ్లకో ఉందేమో డాక్టర్ ముందు అడగాలి.

ప్రశ్న: విజయవాడ నుంచి రాస్తున్నాను, వయసు 29. డెంగీ తగ్గి మూడు నెలలైంది, ఇప్పుడు దువ్వితే జుట్టు కుచ్చులు కుచ్చులుగా వస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది. గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందని మా అత్తయ్య అంటున్నారు. బయోటిన్ మాత్రలు వాడుతున్నాను.

జవాబు: రాలిన వెంట్రుక ఒకటి తీసి వెలుతురులో చూడండి. కొసన చిన్న తెల్లటి గుబ్బ ఉంటుంది. చాలామంది దాన్ని చూసి కుదురే ఊడొచ్చిందని హడలిపోతారు. కుదురు లోపలే భద్రంగా ఉంది. పెద్ద జ్వరం, కాన్పు, ఆపరేషన్, తిండి మానేసి బరువు తగ్గడం, ఇలాంటి దెబ్బ తగిలినప్పుడు పెరుగుతున్న వెంట్రుకలు చాలా ఒక్కసారిగా విశ్రాంతి దశలోకి పోతాయి, రెండు మూడు నెలలకు కలిసికట్టుగా రాలతాయి. అందుకే మీకు జ్వరంలో రాలలేదు, ఇప్పుడు రాలుతోంది. సాధారణంగా ఆరు నెలల్లో దానంతటదే ఆగుతుంది. పాపిడి దగ్గర పొట్టి పొట్టి కొత్త వెంట్రుకలు నిలబడి కనిపిస్తే మంచి కబురే.

తిరుపతి మొక్కు ఉంటే నిక్షేపంగా తలనీలాలు ఇవ్వండి. కానీ కత్తి పైన తిరుగుతుంది, కుదురు చర్మం లోపల ఉంటుంది, దాని మందం గుండుతో మారదు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి, ఐరన్ తక్కువైతే రాలడం ఆగదు. బయోటిన్ లోపం చాలా అరుదు, మీకు ఆ మాత్ర అవసరం లేకపోవచ్చు. పైగా అది థైరాయిడ్ రిపోర్టును తప్పుగా చూపించగలదు, కాబట్టి రక్తం ఇచ్చే ముందు రెండు మూడు రోజులైనా ఆపండి. ఆరు నెలలు దాటినా తగ్గకపోతే, పాపిడి వెడల్పవుతుంటే అప్పుడు రండి, అది వేరే రకం, దానికి జుట్టు పెరగడానికి వాడే మినాక్సిడిల్ అనే మందు అవసరం పడుతుంది.

ప్రశ్న: కీటోకొనజోల్ షాంపూ వాడినా చుండ్రు పోవడం లేదు. (కర్నూలు)

జవాబు: రాసిన వెంటనే కడిగేస్తున్నారేమో. జుట్టుకి కాదు, మాడుకి పట్టించి ఐదు నిమిషాలు ఉంచండి. వారానికి రెండుసార్లు, నెల రోజులు. తలకి నూనె పెట్టడం ఈ నెల మానేయండి, చుండ్రు తెచ్చే ఫంగస్‌కి నూనె అంటే ప్రాణం.

ప్రశ్న: మా అబ్బాయికి 15 ఏళ్లు. తల వెనక రూపాయి బిళ్లంత మేర జుట్టు పోయింది. పేనుకొరుకుడు అన్నారు. ఊళ్లో గురివింద గింజ అరగదీసి రాయమంటున్నారు, డాక్టరేమో స్టెరాయిడ్ ఇంజెక్షన్ అంటున్నారు. స్టెరాయిడ్ ప్రమాదమని మీరే రాస్తుంటారు కదా! (నిజామాబాద్)

జవాబు: పేను గానీ పురుగు గానీ కొరకలేదమ్మా. ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరపాటున సొంత జుట్టు కుదుళ్ల మీదే దాడి చేస్తోంది. మచ్చ అంచున చూస్తే కొన్ని పొట్టి వెంట్రుకలు పైన లావుగా, కింద మాడు దగ్గర సన్నగా కనిపిస్తాయి. దాడి ఇంకా సాగుతోందనడానికి అది గుర్తు.

గురివింద గింజ దగ్గరికి పోకండి. అందులో అబ్రిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. గీరి, పుండు చేసి దాన్ని రాస్తే బొబ్బలు, చీము, ఆ పుండు మచ్చ కడితే అక్కడ ఇక ఎప్పటికీ జుట్టు రాదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ గింజలు ఉంచనే ఉంచొద్దు. రాసినవాళ్లలో కొందరికి జుట్టు వచ్చిందంటే, చిన్న మచ్చల్లో చాలావరకు ఏడాదిలో వాటంతటవే వస్తాయి గనక.

స్టెరాయిడ్ గురించి మీ అనుమానం న్యాయమైనదే. తామరలో ఒంటి పోరాటాన్ని ఆపడం తప్పు, అక్కడ శత్రువు ఫంగస్. ఇక్కడ ఆ పోరాటమే జబ్బు, దాన్ని ఆపడమే వైద్యం. ట్రయామ్సినలోన్ అనే మందును సన్నటి సూదితో ఆ మచ్చలోకే కొద్దికొద్దిగా ఇస్తారు, నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి. చురుక్కుమంటుంది, ఎక్కడైనా చిన్న గుంట పడొచ్చు, అది కూడా సాధారణంగా నెలల్లో పూడుకుంటుంది. నేనైతే ఇప్పించమనే చెబుతాను. అబ్బాయి సూదికి మరీ భయపడితే రాసే మందుతో మొదలుపెట్టొచ్చు, కాస్త నిదానం అంతే. ఒకసారి థైరాయిడ్ చూపించండి. కొత్త మచ్చలు వరసగా లేస్తున్నా, కనుబొమలు రాలుతున్నా, గోళ్ల మీద సూదితో పొడిచినట్టు గుంటలు కనిపిస్తున్నా తర్వాతి తేదీ దాకా ఆగకుండా వెంటనే తీసుకెళ్లండి.