పాత మద్రాసు చర్చిలు: అడగండి, చెబుతాం

ప్రశ్న: చెన్నైలో సెయింట్ జార్జి కోట లోపల ఉన్న సెయింట్ మేరీస్ చర్చి చూశాం. పైకప్పు సొరంగంలా గుండ్రంగా ఉంది, ఒక్క దూలం కూడా కనిపించలేదు. ఎందుకలా కట్టారు? (నెల్లూరు)

జవాబు: ఫిరంగి గుండ్లకు భయపడి. 1678లో, స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ గవర్నరుగా ఉండగా పని మొదలుపెట్టి, 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠ చేశారు. దూలాలు వేసిన చదును మిద్దె మీద గుండు పడితే ఒక దూలం విరిగినా చాలు, దాని మీదున్నదంతా కూలుతుంది. కమాను కప్పు అలా కాదు. పడిన బరువు ఇటుక నుంచి ఇటుకకు పక్కలకు జారి గోడల్లోకి దిగుతుంది. ఆ తోపుకు గోడలు బయటికి ఒరగకుండా వాటిని 4 అడుగుల మందాన లేపారు. కప్పు మందం 2 అడుగులు. కట్టడమంతా ఇటుక, సున్నమే. అందుకే చెదకు తినడానికి ఏమీ దొరకలేదు, నిప్పుకూ అంతే. మళ్లీ వెళ్తే గుర్తింపు కార్డు మరవకండి. కోటలో సచివాలయం ఉంది కాబట్టి గేటు దగ్గర తనిఖీ తప్పదు. పక్కనే ఉన్న మ్యూజియానికి శుక్రవారం సెలవు.

ప్రశ్న: ఆ చర్చి ఆవరణంతా సమాధి రాళ్లు పరిచి ఉన్నాయి. వాటి మీద నడవడానికి మనసొప్పలేదు. కింద సమాధులున్నాయా? అక్షరాలు అరిగిపోయాయి, చదివే దారేమైనా ఉందా? (తిరుపతి)

జవాబు: ఆవరణలో పరిచినవి రాళ్లే, వాటి కింద ఎవరినీ పూడ్చలేదు. పాత శ్మశానం కోట బయట, పాత లా కాలేజీ భవనం ఉన్న వైపు ఉండేది. 1758-59లో ఫ్రెంచివారు కోటను ముట్టడించినప్పుడు అక్కడి ఎత్తయిన సమాధులు వాళ్ల సైనికులకు చాటుగా పనికొచ్చాయి. ముట్టడి ముగిశాక ఇంగ్లీషువారు ఆ కట్టడాలు తీసేసి రాళ్లను ఇక్కడికి చేర్చారు. అక్కడ మిగిలినవాటిలో ఒకటి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి హిన్‌మర్స్ సమాధి స్తంభం. మద్రాసు గవర్నరుగా పనిచేసిన ఎలిహు యేల్ పసికొడుకు డేవిడ్‌నూ అక్కడే పూడ్చారు.

చదవడానికి టార్చి లైటు చాలు. ఎదురుగా వెలుగు కొడితే అక్షరం కనపడదు. లైటును రాతికి దాదాపు ఆనించి, పక్కనుంచి వాలుగా వేయండి. అరిగిన గీతలో కూడా నీడ నిలుస్తుంది. పొద్దున్నే, సాయంత్రం ఏటవాలు ఎండలో లైటు కూడా అక్కర్లేదు. సుద్దముక్కతో రుద్దడం, పిండి చల్లడం మాత్రం వద్దు. మిగిలిన అంచులు కూడా వాటితోనే పోతాయి.

ప్రశ్న: ఎగ్మూరు సెయింట్ ఆండ్రూస్ చర్చి బావుల మీద నిలబడిందంటారు, నిజమేనా? (చెన్నై)

జవాబు: నిజమే. 1818-21 మధ్య సైనిక ఇంజనీరు మేజర్ డి హావిలాండ్ కట్టించిన ఈ చర్చికి గుండ్రని గుమ్మటం, దాన్ని మోసే 16 స్తంభాలు, పైన పొడవాటి శిఖరం ఉన్నాయి. అంత బరువు ఆ మెత్తటి నేలలో దిగబడిపోతుంది. మన ఊళ్లలో ఒరల బావి దించినట్టే, వలయాలు పేర్చి లోపలి మట్టి తోడుతూ పునాదిగా 150 దాకా బావులు దించారు. గట్టినేల ఎక్కడ తగిలితే అక్కడ ఆపారు. అందుకే కొన్ని 14 అడుగులే దిగాయి, కొన్ని 50 దాకా పోయాయి. ఈ నేలను ఎరిగిన పనివాళ్ల విద్య అది. గుమ్మటాన్ని తలెత్తి చూసేవాళ్లు ఆ కింది పనినీ తలచుకోవాలి.

ప్రశ్న: మా పాత చర్చి సున్నంతో కట్టింది. నాలుగేళ్ల కింద కాంట్రాక్టరు కింది భాగమంతా సిమెంటు పూత పూశాడు. ఇప్పుడు చెమ్మ దానికంటే పైకెక్కింది, ఉప్పు పట్టి పెచ్చులూడుతున్నాయి. ఏం చేయాలి? (కోస్తా పట్టణం నుంచి)

జవాబు: చెమ్మ పెరగడానికి కారణం ఆ పూతే. పాత ఇటుక గోడ నేలలోని నీటిని పీలుస్తుంది. సున్నపు పూత ఆ తడిని గాలికి వదిలేస్తుంది. సిమెంటు దారి మూసేసరికి నీరు పైకెక్కి, పూత అయిపోయిన చోట బయటపడుతుంది. నీరు ఆరిపోయి ఉప్పు మిగులుతుంది. అది గడ్డకట్టి ఉబ్బితే ఇటుక పొడి అయిపోతుంది. గోరుతో గీకి చూడండి, ఎర్రగా రాలుతుంది.

ముందు బయట చూడండి. గోడ చుట్టూ సిమెంటు చప్టా ఉంటే గోడ వెంట అడుగు వెడల్పున పగలగొట్టి కంకర నింపండి. చూరు నీళ్లు గోడ మొదట్లో పడకుండా మళ్లించండి. ఇది చేయకుండా లోపల ఎంత ఖర్చుపెట్టినా వృథా.

తర్వాత సిమెంటును ఉలి, చిన్న సుత్తితో చేత్తోనే తీయించండి. మిషను పెడితే ఇటుక ముఖం దానితోపాటే ఊడుతుంది. పైకి వచ్చిన ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి, ఎత్తి బయట పారేయండి. నీళ్లతో కడిగితే అది కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. ఒక ఎండాకాలం గోడను అలాగే ఆరనివ్వండి. జనం తొందర పడేది ఇక్కడే.

కొత్త పూతకు కనీసం రెండు వారాలు నీళ్లలో నానిన సున్నం 1 పాలు, కడిగిన ఏటి ఇసుక 3 పాళ్లు. ఉప్పు నేల దగ్గరి ఇసుక అసలు వద్దు. సున్నం గానుగలో బాగా రుబ్బించండి. ఎంత రుబ్బితే అంత తక్కువ నీటితో పని జరుగుతుంది, పగుళ్లూ అంతే తగ్గుతాయి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలపడం మన పాత పద్ధతే. బెల్లం ఎక్కువైతే చీమలు పడతాయి, పూత గట్టిపడదు. గోడ తడిపి, ఒక్కో వరస 10 మిల్లీమీటర్లకు మించకుండా వేయించండి. మొదటిది గట్టిపడ్డాకే రెండోది. ఎండ తగలకుండా తడి గోనె కప్పి వారం రోజులు తడుపుతూ ఉండాలి. సున్నం గాలిని పీల్చి గట్టిపడాలంటే కొంత తడి ఉండాలి. ఒక్కసారిగా ఆరితే పొడిపొడిగా రాలిపోతుంది.

రంగుగా ఎమల్షన్ వేయనివ్వకండి, అదీ సిమెంటులాగే దారి మూసేస్తుంది. పల్చటి వెల్ల మూడు నాలుగు సార్లు, మధ్యలో ఒక్కో రోజు విడిచి కొట్టించండి. వేసేటప్పుడు నీళ్లలా పల్చగా కనిపిస్తుంది, ఆరాక తెలుపు తేలుతుంది.