శనివారం స్టేడియంలో, నాన్నకు మాత్రం లైబ్రరీలో

ప్రశ్న: నేను టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఎనిమిదేళ్ళు వచ్చేవరకు హనుమకొండలో అమ్మమ్మ దగ్గర పెరిగి, తర్వాత డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్న అమ్మానాన్నల దగ్గరికి వచ్చాను. ఆగస్టులో ఇక్కడ చేరిన కొత్తలో రోజూ ఏడ్చేదాన్ని. మా రూమ్మేట్ బలవంతం మీద ఒక శనివారం అమెరికన్ ఫుట్‌బాల్ ఆటకు వెళ్ళాను. ఆ రోజు తర్వాతే ఈ ఊరు నాదనిపించింది. అప్పటి నుంచి ఇక్కడ జరిగిన ఏ ఆటా మానలేదు. నాన్నకు నచ్చదని తెలుసు కాబట్టి శనివారం ఫోన్ చేసినప్పుడల్లా లైబ్రరీలో ఉన్నానని చెప్పాను. బతుకమ్మకు ఇంటికి రమ్మని అమ్మ పిలిస్తే పరీక్ష ఉందన్నాను. నిజానికి ఆ శనివారం ఆబర్న్ జట్టుతో ఆట ఉంది. స్నేహితురాలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన ఫొటో మా బాబాయి కూతురి కంట పడి, ఇంటి వాట్సాప్ గ్రూపుకు చేరింది. అదే వారం కాల్క్యులస్ మొదటి పరీక్షలో వందకు 58 వచ్చాయి. “మేము ఫీజు కట్టేది నువ్వు స్టేడియంలో నిలబడి అరవడానికా?” అని నాన్న అడిగారు. జనవరి నుంచి ఇంటికి దగ్గరలో ఉన్న యూటీ డాలస్ విశ్వవిద్యాలయంలో చేర్పిస్తానంటున్నారు. అమ్మ అసలు మాట్లాడటం లేదు. నేను ఆటలు మానేయాలా? ఈ కాలేజీ వదిలి ఇంటికి వెళ్ళిపోవాలా?
– పేరు ప్రచురించవద్దని కోరిన విద్యార్థిని, కాలేజ్ స్టేషన్

జవాబు: మీరు అడిగిన రెండు ప్రశ్నల్లోనూ అసలు విషయం లేదు. ఆట గురించి, మార్కుల గురించి, కాలేజీ మారడం గురించి అడిగారు గానీ, వారాల తరబడి ఇంట్లో చెప్పిన అబద్ధాన్ని జరిగిన సంగతుల్లో ఒకటిగా దాటవేశారు. మీ అమ్మగారు మాట్లాడటం మానేసింది మీరు ఫుట్‌బాల్ చూశారని కాదు. పండుగకు పిలిస్తే పరీక్ష ఉందని చెప్పినప్పుడు ఆమె మీకోసం బాధపడి ఉంటారు, పాపం చదువుకుంటోందని వచ్చినవాళ్ళందరికీ చెప్పి ఉంటారు. ఆ తర్వాత ఫొటో నలుగురూ చూసే గ్రూపులో కనిపించింది. ఆమెకు కలిగిన కష్టంలో సగం మీరు రాకపోవడం వల్ల వచ్చింది కాదు, అందరి ముందు తన మాట పోవడం వల్ల వచ్చింది. కాబట్టి ఆటల సంగతి తేల్చుకోవడానికి ముందే ఈ ఒక్క పని చేయండి: ఇద్దరికీ ఫోన్ చేసి, లైబ్రరీ అబద్ధమని, పరీక్ష అబద్ధమని, ఇకపై ఎక్కడ ఉంటే అక్కడ ఉన్నానని చెబుతానని చెప్పండి. మెసేజీతో సరిపెట్టవద్దు. ఆ సంభాషణలో ఆటను సమర్థించుకునే మాట ఒక్కటి కూడా రానివ్వకండి. “మీరు ఒప్పుకోరని తెలిసే చెప్పలేదు” అన్న వాక్యం నోటి చివరిదాకా వస్తుంది. అది నిజమే అయినా, ఆ రోజు అనకండి, ఎందుకంటే అది క్షమాపణను అక్కడికక్కడే ఫిర్యాదుగా మార్చేస్తుంది.

మీ నాన్నగారి మాట కటువుగానే ఉంది. కానీ ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించండి. ఆయన తరంలో తెలుగు ఇళ్ళ నుంచి ఇంజనీరింగుకు వెళ్ళినవారిలో చాలామందికి ఇంటర్మీడియట్ రెండేళ్ళూ ఆటస్థలం లేని కళాశాల భవనంలో, తెల్లవారుజామున మొదలై రాత్రి పదింటికి ముగిసే స్టడీ అవర్ల మధ్య, ఎంసెట్ ర్యాంకు తప్ప మరో మాట వినకుండా గడిచాయి. ఆ తర్వాత ఎం.ఎస్. కోసం అమెరికా వచ్చినవారికి ఆట రోజు అంటే పార్కింగ్ దొరకని రోజు, క్యాంపస్ ఉద్యోగంలో అదనంగా నాలుగు గంటలు దొరికే రోజు, లేదా ల్యాబ్ ఖాళీగా ఉండే రోజు. విశ్వవిద్యాలయం అంటే చదువుతోపాటు ఒక ఊరూ ఒక సమూహమూ అని ఆయనకు ఎవరూ చూపించి ఉండకపోవచ్చు. అంతమాత్రాన ఆయన చెప్పిందే సరైనదని కాదు. మీరు ఏం పొందుతున్నారో ఆయన ఊహకు అందదు కాబట్టి మీరే వివరించాలి, అదీ మొదటి సంభాషణ చల్లబడిన తర్వాత.

వివరించడానికి మీ దగ్గర మంచి కథే ఉంది. 1922 జనవరి 2న డాలస్‌లో సెంటర్ కాలేజీతో ఆడుతున్నప్పుడు మీ జట్టులో దెబ్బలు తగిలినవారు ఎక్కువై, బెంచీ మీద మనుషులు కరువయ్యారు. ఫుట్‌బాల్ వదిలి బాస్కెట్‌బాల్‌లో చేరిన ఇ. కింగ్ గిల్ అనే విద్యార్థి అప్పుడు పైన ప్రెస్ బాక్సులో విలేకరులకు సాయం చేస్తున్నాడు. కోచ్ డానా బైబిల్ అతణ్ణి కిందికి పిలిపించి ఆట దుస్తులు వేసుకోమన్నాడు. గిల్ వాటిని వేసుకుని ఆట ముగిసేదాకా మైదానం పక్కన సిద్ధంగా నిలబడ్డాడు, దిగి ఆడవలసిన అవసరం మాత్రం రాలేదు. మైదానంలో ఉన్న పదకొండుమందికి తోడుగా సిద్ధంగా నిలబడే పన్నెండో ఆటగాడు అన్న మాట మీ దగ్గర అలా నిలిచిపోయింది, విద్యార్థుల వైపు ఎవరూ ఆట అయ్యేదాకా కూర్చోకపోవడానికి కారణం అదే. ఈ సంగతి తెలియని తండ్రికి ఆ ఫొటోలో కనిపించేది మెరూన్ చొక్కాలు వేసుకుని నోరు తెరిచి అరుస్తున్న పిల్లల గుంపు మాత్రమే. ప్రపంచ కప్పు కోసం అలారం పెట్టుకుని అర్ధరాత్రి లేచి క్రికెట్ చూసిన మనిషే అయితే, ఆయనకు ఇది అర్థం కాకపోవడానికి కారణం ఏదీ నాకు కనిపించడం లేదు.

ఇక మీ వైపు చూద్దాం. ఏడుస్తూ గడిపిన రోజుల తర్వాత లక్షమందికి పైగా పట్టే మైదానంలో, భుజం మీద చెయ్యి వేసి పక్కవాళ్ళతో కలిసి ఊగుతూ, కేకలు వేయించే యెల్ లీడర్ల చేతి సైగలకు అందరితోపాటు గొంతు కలిపినప్పుడు మీకు కలిగిన ధైర్యం నిజమైనది. “నువ్వు ఎక్కడిదానివి?” అని ఆ నాలుగు గంటల్లో ఎవరూ అడగరు. దాన్ని పిల్లచేష్ట అని నేను అనను. అయితే మీ ఉత్తరం రెండుసార్లు చదివినా, సోమవారం నుంచి గురువారం దాకా మీరు ఎవరితో భోజనం చేస్తారో, కాల్క్యులస్ లెక్క రాకపోతే ఎవరి గది తలుపు తడతారో నాకు తెలియలేదు. రూమ్మేటూ, ఫొటో పెట్టిన స్నేహితురాలూ తప్ప ఇంకో మనిషి ఊసే లేదు. మీ రెగ్యులర్ సీజన్ నవంబరు ఆఖరుకు అయిపోతుంది. పరీక్షలు ఆ తర్వాతే. ఆ రెండు వారాల్లో మైదానం ఖాళీగా ఉంటుంది, చలి మొదలవుతుంది, ఆగస్టు నాటి ఒంటరితనం మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే ఆటలు మానండి అని చెప్పే బదులు, ఆట రోజున మీ పక్కన నిలబడే వాళ్ళలో ఇద్దరినైనా మంగళవారం పూట చదువుకు కూర్చోబెట్టుకోండి అంటాను. మొదటి సంవత్సరం ఇంజనీరింగులో దాదాపు అందరూ అవే లెక్కలు, అవే ఫిజిక్స్ చదువుతారు కాబట్టి తోడు దొరకడం కష్టం కాదు. ఒకవేళ ఏడుపు తిరిగి వచ్చి, నిద్ర, తిండి తగ్గితే, ఆటలతో నెట్టుకు రావాలని చూడకుండా క్యాంపస్ కౌన్సెలింగ్ సేవల దగ్గరికి వెళ్ళండి. అవి మీలాంటి వారి కోసమే ఉన్నాయి.

మార్కుల విషయంలో నేను మీ నాన్నగారి పక్షమే. ఆట నాలుగు గంటలే కదా అని మీరు అనుకుంటున్నట్టున్నారు. విద్యార్థులు ఆట టికెట్లు తీసుకునే టికెట్ పుల్ కోసం మొదటి సంవత్సరం వారి వంతు గురువారం వస్తుంది, వరుసలో ఆ ఉదయం పోతుంది. శుక్రవారం అర్ధరాత్రి అందరూ చేరి ఆట కేకలు సాధన చేసే మిడ్‌నైట్ యెల్, అది ముగించుకుని గదికి చేరేసరికి రెండు అవుతుంది. శనివారం ఎండలో ఆటకు ముందు రెండు గంటలు, ఆట, తర్వాత ఊరంతా ఆగిపోయిన ట్రాఫిక్, రాత్రి భోజనం. ఆదివారం మధ్యాహ్నానికి గానీ లేవలేరు, గొంతు బొంగురుపోయి తల నొప్పిగా ఉంటుంది. కాగితం తీసుకుని లెక్క వేస్తే ఒక ఆట చుట్టూ రెండున్నర రోజులు కరిగిపోతున్నాయి. మీ ఇంజనీరింగ్ కళాశాలలో మొదటి సంవత్సరం వారందరూ జనరల్ ఇంజనీరింగ్ కిందే ఉంటారు, కోరుకున్న శాఖ దొరకడం ఆ ఏడాది జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు మీద ఆధారపడుతుంది. నిర్ణీత కోర్సులు పూర్తిచేసి నాలుగుకు 3.75 తెచ్చుకున్నవారికి మొదటి ఎంపిక ఖాయం, ఆ కిందివారు పోటీలో నిలబడాలి. కంప్యూటర్ సైన్స్ కోరుకునేవారికి ఆ పోటీ ఎంత గట్టిదో మీకు నేను చెప్పనక్కర్లేదు. కాబట్టి ఒక పరీక్షలో 58 రావడం జీవితం ముగిసిపోవడం కాదు గానీ, చిన్న సంగతి కూడా కాదు. మిగిలిన ఆటల్లో రెండో మూడో ఎంచుకోండి. ఎంచుకున్న వాటికి కూడా అర్ధరాత్రి యెల్‌కు వెళ్ళకండి. సెక్షన్లన్నిటికీ కలిపి పెట్టే కామన్ పరీక్ష ఉన్న వారంలో టికెట్ పుల్ జోలికి పోవద్దు. కాల్క్యులస్ కోర్సు వదిలేద్దామన్న ఆలోచన వస్తే, అకడమిక్ అడ్వైజర్‌తో మాట్లాడకుండా వదలవద్దు, ఎందుకంటే దాని వెనుక వచ్చే లెక్కలు, ఫిజిక్స్ కోర్సులు కూడా ఆలస్యమవుతాయి.

ఇంకో మాట. ఇక్కడి చట్టం ప్రకారం, సాధారణంగా మీ అనుమతి లేకుండా విశ్వవిద్యాలయం మీ మార్కులను తల్లిదండ్రులకు చూపించదు. మన ఇళ్ళలో ఈ సంగతి తెలిసిన పిల్లలు దాన్ని దాక్కునే చోటుగా వాడుకుంటారు. మీరు మాత్రం అక్టోబరులో మొదటి సంవత్సరం వారికి ఇచ్చే మిడ్ సెమిస్టర్ గ్రేడ్లను, ఎలా ఉన్నా సరే, అడగకముందే ఇంటికి పంపండి. బాగాలేని గ్రేడును మీరే ముందుగా చూపిస్తే, శనివారం ఫోనులో మీరు చెప్పే మాటను నాన్నగారు మళ్ళీ నమ్మడం మొదలుపెడతారు. దానికి వేరే దారి లేదు.

కాలేజీ మారే ప్రశ్నకు నా సమాధానం: ఈ సెమిస్టరు మధ్యలో, కోపంలో, వద్దు. యూటీ డాలస్ మంచి విశ్వవిద్యాలయం, మీ ఇంటికి దగ్గర, ఫుట్‌బాల్ జట్టు కూడా లేదు, చదరంగం జట్టుకే అక్కడ పేరు. మీ నాన్నగారికి అది నచ్చడంలో ఆశ్చర్యం లేదు. కానీ శిక్షగా మార్చిన కాలేజీలో చదువు సాగదు. మే నెలలో రెండు సెమిస్టర్ల గ్రేడ్లు చేతికి వచ్చాక, ఏ కోర్సుకు అక్కడ ఎన్ని క్రెడిట్లు చెల్లుతాయో తెలుసుకుని, ముగ్గురూ కూర్చుని మాట్లాడుకుందామని అడగండి. అప్పటికి మీకే ఇంటికి వెళ్ళాలనిపిస్తే అందులో ఓటమి ఏమీ లేదు.

మీరు రాయకపోయినా నాన్నగారి మనసులో ఉండే భయం ఒకటుంది. ఆటకు ముందు డేరాల కింద జరిగే టెయిల్‌గేట్ విందుల్లో మద్యం ఉంటుంది, అమెరికాలో 21 ఏళ్ళు నిండితే గానీ తాగకూడదు, మీకు పద్దెనిమిది నిండి ఎన్నాళ్ళో కాలేదు. ఆడపిల్ల అర్ధరాత్రి గుంపులో ఉందన్న ఆలోచన తండ్రిని నిద్రపోనివ్వదు, ఆయన దాన్ని ఫీజు మాటగా బయటపెడతారు. అడిగేదాకా ఆగకుండా, ఎవరితో వెళతారో, గదికి ఎలా తిరిగి వస్తారో, తాగుతారో లేదో మీరే స్పష్టంగా చెప్పండి. లక్షమంది ఒకేచోట ఉంటే ఫోను కలవదు కాబట్టి, స్టేడియంలోకి వెళ్ళేముందు ఒకటి, గదికి చేరాక ఒకటి మెసేజీ పెట్టే అలవాటు చేసుకోండి.

జట్టు వేరే ఊరిలో ఆడే శనివారాలు ఉంటాయి కదా, వాటిలో ఒకటి చూసుకుని ఇంటికి వెళ్ళండి. సుమారు 200 మైళ్ళే, శుక్రవారం క్లాసులయ్యాక బస్సులోనో, అటువైపు వెళ్ళే విద్యార్థుల కారులోనో రాత్రికి చేరుకోవచ్చు. పండుగ అయిపోయినా సరే, అమ్మగారితో కలిసి వంటింట్లో ఒక పూట గడపండి, ఆమె మౌనం ఫోనులో కరగదు. మర్నాడు సాయంత్రం టీవీలో ఆట వస్తుంది. నాన్నగారు పక్కన కూర్చుంటే, నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్ళాలన్న లెక్క చెప్పండి. ఆయనకు ఆసక్తి కలిగితే, నవంబరులో ఏదైనా చిన్న జట్టుతో మీ మైదానంలో జరిగే ఆటకు ఇద్దరినీ పిలవండి. పెద్ద జట్లతో ఆటలకు టికెట్ల ధర చుక్కలంటుతుంది, వాటి జోలికి వెళ్ళవద్దు. వాళ్ళను విద్యార్థుల వైపు కాకుండా కూర్చోవడానికి వీలున్న వైపు ఉంచండి, మీ అమ్మగారు నాలుగు గంటలు నిలబడలేరు. మీ జట్టు స్కోరు చేసినప్పుడు చుట్టుపక్కల జంటలు ముద్దు పెట్టుకునే ఆచారం అక్కడ ఉందని నాన్నగారికి ముందే చెప్పి తీసుకెళ్ళడం మంచిది, లేకపోతే మీరు ఇన్నాళ్ళూ దాచినవాటి జాబితాలో అది కూడా చేరుతుంది. పారదర్శకమైన సంచి తప్ప హ్యాండ్‌బ్యాగు లోపలికి రానివ్వరు కాబట్టి, అమ్మగారు చేసి తెచ్చే పులిహోర ఆటకు ముందు మీ రూమ్మేట్ కుటుంబంతో కలిసి డేరా కిందే తినేయండి.