కాస్త పని చేసినా మర్నాడు లేవలేకపోవడానికి కారణం కణాల్లో ఉందా?

వ్యాయామం చేస్తే అందరికీ ఓపిక పెరుగుతుంటే, క్రానిక్ ఫెటీగ్ (ఎంతకీ తగ్గని అలసట జబ్బు) ఉన్న మీకు మాత్రం మర్నాటికి మంచం దిగలేనంత నీరసం ఎందుకొస్తోందని, కణాల్లోని ఒత్తిడికీ దీనికీ సంబంధం ఉందా అని అడిగారు. నాకూ ఇదే జబ్బు. ఒక వైరల్ జ్వరం తర్వాత పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు.

సంబంధం ఉండొచ్చు. 2023లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో పాల్ హ్వాంగ్ బృందం చేసిన పరిశోధన చదివాకే నా ఒంట్లో ఏం జరుగుతుండవచ్చో నాకు కొంత అర్థమైంది. కణంలో చాలా ప్రోటీన్లు సరైన ఆకారంలోకి మడతపడేది ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అనే లోపలి పొరల అమరికలో. వైరస్ సోకడం వంటి కారణాలతో అక్కడ మడత కుదరని ప్రోటీన్లు పేరుకుపోతే, కణం కొత్త ప్రోటీన్ల తయారీని తగ్గించి, పాడైనవాటిని తీసేసే పనిలో పడుతుంది. కాసేపైతే అది రక్షణే. ఎంతకీ ఆగకపోతేనే చిక్కు. ఇలా కణం పడే ఒత్తిడిలో వాస్ఫ్3 అనే ప్రోటీన్ పెరిగి, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా అనే భాగాల్లో శక్తి తయారీకి కావలసిన ఎంజైములు జట్టుకట్టకుండా అడ్డుపడుతోందని వాళ్లు గమనించారు. 14 మంది రోగుల కండరాలను పరీక్షిస్తే, ఎక్కువమందిలో ఆ ప్రోటీన్ హెచ్చుగానే ఉంది. దాన్ని ఎక్కువగా తయారుచేసేలా మార్చిన ఎలుకలు కూడా సరిగ్గా పరుగెత్తలేకపోయాయి.

మామూలు రక్తపరీక్షలు ఇవేవీ చూడవు. రిపోర్టులన్నీ నార్మల్ అని ఎవరైనా అంటే మీ బాధ అబద్ధమైపోదు, దయచేసి అలా అనుకోకండి.

అయితే ఇది చిన్న పరిశోధన, రోగులందరికీ ఇదే కారణమని తేలలేదు. ఈ ఒత్తిడిని తగ్గించే రసాయనంతో ల్యాబ్‌లోని కణాల్లో వాస్ఫ్3 తగ్గింది, కానీ అది ఇంకా మందు కాలేదు. ఆ పేరు చెప్పి అమ్మే సప్లిమెంట్ల జోలికి వెళ్లకండి.

నాకు మొదట్లో ఒక డాక్టర్ వారం వారం నడక పెంచమన్నారు. పెంచినకొద్దీ కుంగిపోయాను. బ్రిటన్‌లో చికిత్సా పద్ధతులు సూచించే నైస్ అనే సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ జబ్బుకు అలా ముందే లెక్కకట్టి వ్యాయామం పెంచుతూ పోవద్దనే చెప్పాయి. ఇప్పుడు నేను అలసట రాకముందే పని ఆపుతాను, స్నానం కూర్చునే చేస్తాను, బాగున్న రోజు కూడా పని రెట్టింపు చేయను. జబ్బు పోలేదు గానీ మంచాన పడటం బాగా తగ్గింది.

థైరాయిడ్, రక్తహీనత, నిద్రలో శ్వాస ఆగడం వంటివి లేవని ముందు తేల్చుకోండి. ఏ పని చేశాక ఎన్ని గంటలకు నీరసం ముంచుకొచ్చిందో రాసిపెట్టి డాక్టర్‌కు చూపించండి. శ్రమ చేసిన వెంటనే కాకుండా మర్నాడో ఆ మర్నాడో కుంగిపోవడం ఈ జబ్బుకు ముఖ్యమైన గుర్తు.