యూనిట్ టెస్టులతో లైబ్రరీ వేగం చూసేటప్పుడు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

మీ టీమ్ రాసిన పైథాన్ లైబ్రరీ స్లోగా ఉందని కంప్లెయింట్లు వస్తున్నాయని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచక టెన్షన్‌గా ఉందని రాశావు. కోడ్ తెరిచి, అనుమానం వచ్చిన చోటల్లా మార్చెయ్యకు. ఉన్న యూనిట్ టెస్టులతోనే, అంటే ఒక్కో ఫంక్షన్ సరిగా పనిచేస్తోందో లేదో చూసే చిన్న టెస్టులతోనే, పని మొదలుపెట్టు. లైబ్రరీని ఎలా పిలవాలో వాటిలో ఉంది. వేగం కోసం నువ్వు చేసిన మార్పు వల్ల ఫలితం తప్పితే, ఆ సంగతీ అవే చెబుతాయి.

ముందు టెస్టులు నడిపే టూల్ పైటెస్ట్‌ని, దేనికి ఎంతసేపు పట్టిందో చూపే డ్యూరేషన్స్ ఆప్షన్‌తో నడుపు. 10 అని ఇస్తే ఎక్కువసేపు పట్టిన పదింటిని చూపిస్తుంది. ఒక్కో దాని పక్కన సెటప్ (ముందు ఏర్పాట్లు), కాల్ (అసలు టెస్టు), టియర్‌డౌన్ (చివర సర్దడం) అని ఉంటుంది, అది తప్పకుండా చూడు. టైమంతా సెటప్‌లోనే పోతుంటే అది డేటాబేస్ తెరవడానికో, ఫైళ్లు సిద్ధం చెయ్యడానికో ఫిక్స్చర్‌కి (టెస్టుకి ముందు ఏర్పాట్లు చేసే ఫంక్షన్‌కి) పట్టిన టైమ్ కావచ్చు.

అసలు చిక్కు డేటాతో. యూనిట్ టెస్టులు తప్పొప్పులు చూడ్డానికి రాసినవి, వాటిలో నాలుగైదు వరుసలకి మించి ఉండవు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది గానీ వేగం అలా తెలీదు. సీఎస్‌వీ ఫైల్లో డూప్లికేట్ వరుసలు తీసేసే ఫంక్షన్ ఉందనుకో. చూసిన వరుసల్ని లిస్టులో పెట్టుకుని, కొత్తది వచ్చినప్పుడల్లా ఆ లిస్టంతా వెతుకుతోంది. ఐదు వరుసలకి తేడా ఏమీ కనిపించదు. 10,000 వరుసలు ఇచ్చి చూడు, తర్వాత 20,000 ఇవ్వు. డూప్లికేట్లు తక్కువుంటే టైమ్ దాదాపు నాలుగింతలవుతుంది. లిస్టు తీసి, అంతా వెతక్కుండానే ఉందో లేదో చెప్పే సెట్ పెడితే రెట్టింపు దగ్గర ఆగుతుంది. అందుకే టెస్టుని పారామెట్రైజ్ చేసి, అంటే అదే టెస్టు వేర్వేరు డేటాతో నడిచేలా రాసి, పెద్ద డేటాతోనూ నడుపు. నా దృష్టిలో ఈ ఒక్క పని ఏ టూల్ కన్నా ఎక్కువ చెబుతుంది.

ఏ ఫంక్షన్‌కి ఎంత టైమ్ పట్టిందో చెప్పే సీప్రొఫైల్ ఆ తర్వాతే. మొత్తం పైటెస్ట్‌ని దాని కింద నడిపితే రిపోర్టు నిండా పైటెస్ట్ సొంత ఫంక్షన్లు, ఇంపోర్టులే. టెస్టులో లైబ్రరీని పిలిచే ఆ ఒక్క లైనునే ‘విత్’ బ్లాకులో పెట్టి ప్రొఫైల్ చెయ్యి, పైథాన్ 3.8 నుంచి ఆ సౌకర్యం ఉంది. టోట్‌టైమ్ అంటే ఫంక్షన్ సొంతంగా తీసుకున్న టైమ్, క్యుమ్‌టైమ్ అంటే అది పిలిచిన వాటితో కలిపి. నేను మాత్రం ముందు ఎన్‌కాల్స్, అంటే ఫంక్షన్‌ని ఎన్నిసార్లు పిలిచారనే లెక్క, చూస్తాను. వెయ్యి వరుసల ఫైలుకి, తేదీ చదివే ఫంక్షన్ లక్షసార్లు నడిచిందంటే దాన్ని ఎవరు పిలుస్తున్నారో వెతకాలి.

సీప్రొఫైల్ ప్రతి కాల్‌నీ లెక్కపెడుతుంది కాబట్టి చిన్న ఫంక్షన్లు ఉన్నదానికన్నా బరువుగా కనిపిస్తాయి. మార్పు వల్ల లాభం ఎంతో, కోడ్ ముక్కని పదేపదే నడిపి టైమ్ చూసే టైమిట్‌తో విడిగా కొలువు. చాలాసార్లు నడిపి, అన్నిట్లో తక్కువ టైమ్‌నే తీసుకో. మిగతావాటిలో మెషీన్ మీది వేరే పనుల భారం కలిసి ఉంటుంది.

ఇంకోటి, ‘అర సెకనులో అవ్వాలి’ అని టెస్టులో అసర్ట్ (నిజం కాకపోతే టెస్టు ఫెయిల్ అయ్యే షరతు) పెట్టొద్దు. కోడ్ మారినప్పుడల్లా టెస్టులు నడిపే సీఐ మెషీన్ బిజీగా ఉన్న రోజు ఊరికే ఫెయిల్ అవుతుంది, నాలుగు రోజులకి దాన్ని పట్టించుకోవడం మానేస్తారు. టైమ్ బదులు, కోడ్ ఆ ఫంక్షన్‌ని ఎన్నిసార్లు పిలిచిందో లెక్కపెట్టి, దాని మీద అసర్ట్ పెట్టు. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో, డేటాబేస్ క్వెరీలు లెక్కపెట్టే అసర్ట్‌నమ్‌క్వెరీస్ ఉన్నది అందుకే. క్వెరీ ఒక్కటి ఎక్కువైనా టెస్టు ఫెయిల్.

డ్యూరేషన్స్ జాబితా, 10,000కీ 20,000కీ వచ్చిన టైములూ నాకు పంపించు, ఆదివారం ఫోన్లో కూర్చుని చూద్దాం. అమ్మని అడిగానని చెప్పు.

మీ మామయ్య