పెన్సిల్ గీత, డిజిటల్ రంగు, ఫొటో: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: పెన్సిల్‌తో వేసిన బొమ్మని ఫోన్‌తో ఫొటో తీసి, కింది లేయర్‌లో (ఒకదానిపై ఒకటి పరిచే పొర) రంగులు నింపుతున్నాను. గీతల లేయర్‌ని మల్టిప్లైలో (పై లేయర్ ముదురుతనాన్ని కింది రంగుకి కలిపే మోడ్) పెట్టినా రంగులు మురికిగా కనిపిస్తున్నాయి. లోపం ఎక్కడ?

జవాబు: మీ రంగుల్లో లోపం లేదు, కాగితం తెలుపులో ఉంది. మల్టిప్లైలో పూర్తి తెలుపు, అంటే 0 (నలుపు) నుంచి 255 దాకా ఉండే కొలతలో 255, ఉన్నచోటే కింది రంగు ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. ఫోన్ ఫొటోలో కాగితం అంత తెల్లగా రాదు. కంటికి తెల్లగానే తోచినా కొలిచి చూస్తే 200 దగ్గర ఉండొచ్చు. అలా ఉంటే కింద వేసిన ప్రతి రంగూ ఐదో వంతుకు పైగా నల్లబడుతుంది. బల్బు వెలుగులోని పసుపు కూడా వచ్చి కలుస్తుంది.

ముందు గీతల లేయర్‌ని నలుపు తెలుపులోకి మార్చండి. తర్వాత లెవెల్స్ (నలుపు, తెలుపుల స్థాయిని సరిచేసే పనిముట్టు) తెరిస్తే గ్రాఫ్‌లో కుడివైపు పెద్ద గుట్ట కనిపిస్తుంది, అది కాగితం. తెలుపు స్లయిడర్‌ని ఆ గుట్ట శిఖరం కాస్త దాటేదాకా ఎడమకి జరిపి ఆపేయండి. ఇంకా లాగితే కాగితం శుభ్రపడుతుంది గానీ హెచ్, 2హెచ్ లాంటి గట్టి పెన్సిళ్లతో వేసిన పల్చటి గీతలు కూడా దాంతోపాటే పోతాయి. మిగిలిన మరకల్ని తెల్ల బ్రష్‌తో తుడుచుకోవడమే మేలు. నలుపు స్లయిడర్‌ని మాత్రం పెద్దగా కదపకండి. పెన్సిల్ బూడిదరంగు పోయి ఇంకు గీతలా గట్టిపడితే ఇక చేత్తో గీసి ఏం లాభం?

కాగితం ఒక మూల వెలుగులో, మరో మూల నీడలో ఉంటే లెవెల్స్ ఒక్కటే చాలదు. లేయర్‌కి కాపీ తీసి, గీతలన్నీ కరిగిపోయేంతగా గాసియన్ బ్లర్ (బొమ్మని మసకబార్చే ఫిల్టర్) ఇవ్వండి. పెద్ద ఫైలుకి 100 పిక్సెళ్లకు పైనే పడుతుంది. ఆ కాపీని పైన ఉంచి డివైడ్ మోడ్‌లో (కింది లేయర్ విలువని పై లేయర్ విలువతో భాగించే మోడ్) పెడితే కాగితమంతా ఒకేలా తెల్లబడుతుంది. ఇది గీతల బొమ్మలకే పనికొస్తుంది. దట్టమైన షేడింగ్ ఉంటే దాన్ని కూడా నీడే అనుకుని వెలిసిపోయేలా చేస్తుంది.

స్కానర్ దొరికితే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి. ఏ4 బొమ్మని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేస్తే 2480 × 3508 పిక్సెళ్లు వస్తాయి, అదే సైజులో అచ్చు వేయడానికి సరిపోతాయి. రెట్టింపు సైజు కావాలంటే 600 పెట్టండి. స్కానర్‌లోని ఆటో షార్పెనింగ్ ఆపేయండి. లేకపోతే ప్రతి గీత చుట్టూ తెల్లటి అంచు పడుతుంది, తర్వాత అది వదలదు.

ప్రశ్న: రంగుల మీద గీతలు నల్లగా, విడిగా తేలుతున్నాయి. గీత రంగు మార్చొచ్చా?

జవాబు: మార్చొచ్చు, కాకపోతే ముందు గీతల వెనకున్న తెలుపుని తీసేయాలి. జింప్, కృతా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్లలో ‘కలర్ టు ఆల్ఫా’ ఆ పని చేస్తుంది. తర్వాత లేయర్‌కి ఆల్ఫా లాక్ (ఖాళీ చోట రంగు పడకుండా ఆపే తాళం) పెట్టి బ్రష్ తిప్పితే రంగు గీతకే అంటుతుంది. ముఖం దగ్గర ముదురు ఎరుపు గోధుమ, ఆకుల దగ్గర ముదురు ఆకుపచ్చ వేసి చూడండి.

ప్రశ్న: బొమ్మ వెనక నేను తీసిన వీధి ఫొటో పెడితే అతికించినట్టే ఉంటోంది. ఎలా కలపాలి?

జవాబు: ముందుగా కంటిమట్టం చూడండి. నిలబడి, ఫోన్‌ని కంటి ఎత్తులో పట్టుకుని తీసిన ఫొటో అయితే, సమతల నేల మీద మీ అంత ఎత్తున్న మనుషులందరి కళ్లూ, దగ్గరున్నా దూరమున్నా, దిగంతరేఖ మీదికే రావాలి. మీ బొమ్మ కళ్లు ఆ రేఖకి కిందికో పైకో పోతే ఎంత రంగు పూసినా అది ఆ వీధిలో నిలబడదు. అందుకే ఫొటోని ముందు ఎంచుకుని, దానికి తగ్గట్టు బొమ్మ గీయాలని గట్టిగా చెబుతాం.

రెండోది వెలుగు. ఫొటోలో ఎండ ఎడమనుంచి వస్తుంటే మీ షేడింగ్ కుడివైపు ఉండాలి. తేడా వస్తే ఫొటోని అడ్డంగా తిప్పేయొచ్చు గానీ బోర్డుల మీద అక్షరాలు తిరగబడతాయి. పాదాల కింద, నేలని తాకేచోట సన్నటి ముదురు నీడ తప్పనిసరి. అది లేకే చాలా బొమ్మలు గాల్లో తేలుతాయి.

ఇక ఫొటోలో వివరం ఎక్కువ, గీతలో తక్కువ. కన్ను ఫొటో వైపే పోతుంది. 3000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోకి మీడియన్ ఫిల్టర్ 5 నుంచి 8 పిక్సెళ్లు ఇస్తే ఇటుకల గీతలు, ఆకుల గజిబిజి తగ్గి రంగు ముద్దలు మిగులుతాయి. గాసియన్ బ్లర్ వాడితే ఫోకస్ తప్పిన ఫొటోలాగే ఉంటుంది. ఆ ముద్దల అంచుల్ని ముఖ్యమైన చోట్ల మీ బ్రష్‌తోనే మళ్లీ వేయండి. చివరగా, ఖాళీ డ్రాయింగ్ కాగితాన్ని స్కాన్ చేసి, దాని సగటు రంగు సరిగ్గా మధ్యస్థ బూడిదరంగుకి వచ్చేలా లెవెల్స్‌లో సరిచేసి, అన్నిటికన్నా పైన ఓవర్లే మోడ్‌లో, 15 నుంచి 25 శాతం గాఢతతో (ఒపాసిటీ) పెట్టండి. ఒకే గరుకుదనం గీతకీ రంగుకీ ఫొటోకీ పడుతుంది.

ప్రశ్న: ప్రింట్ తీసి దాని మీద మళ్లీ చార్‌కోల్‌తో గీయొచ్చా?

జవాబు: గీయొచ్చు, చాలా బాగుంటుంది కూడా. గ్లాసీ కాగితం మీద చార్‌కోల్ నిలవదు. 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) పైబడిన మ్యాట్ కాగితం, పిగ్మెంట్ ఇంకు ఉన్న ప్రింటర్ వాడండి. డై ఇంకు తడి తగిలితే పాకుతుంది. ముదురు నీడల్ని ప్రింట్‌లో కాస్త లేతగా వదలండి, అక్కడ చార్‌కోల్‌కి చోటుండాలి. ఒక రోజు ఆరనిచ్చి గీయండి. ఫిక్సేటివ్‌ని (చార్‌కోల్ రాలకుండా పట్టి ఉంచే స్ప్రే) 30 సెంటీమీటర్ల దూరంనుంచి పల్చగా రెండు విడతలు కొట్టండి. అంతకుముందు అదే ప్రింట్ తునక మీద ఒకసారి పరీక్షించుకోండి, కొన్ని స్ప్రేలు రంగుని ముదురు చేస్తాయి.