తెల్లవార్లూ వెతికిన తప్పు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా అబ్బాయికి పదిహేడేళ్లు. ఎనిమిదో తరగతి నుంచీ ప్రోగ్రామింగ్ నేర్చుకొమ్మని మేమే వెంటపడ్డాం. ఇప్పుడు ప్రోగ్రాములు ఏఐ రాసేస్తోందట. ఇక ఆ చదువు దండగ, మాన్పించెయ్యమని మా మరిది అంటున్నాడు. వాడేమో చదివితే అదే చదువుతానంటాడు. మొన్న ఏదో తప్పు దొరకలేదని తెల్లవార్లూ కంప్యూటర్ ముందే కూర్చున్నాడు. బిడ్డకు మేమే తప్పుదారి చూపించామా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, తెల్లవార్లూ కూర్చున్న సంగతి మీరు బాధపడుతూ రాశారు. నాకు మాత్రం మీ ప్రశ్నకు జవాబు అక్కడే కనిపించింది.

మా నాన్నగారు ప్రెస్సులో కంపోజిటరు. గళ్ల పెట్టెలోంచి సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చేవారు. అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండే ఆ వరుసను వేలితో తడుముతూ గడగడా చదివేవారు. 1985లో కంప్యూటర్ మీదే పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే ప్రోగ్రాము వచ్చింది. మరికొన్నేళ్లకు మా నాన్నగారి ప్రెస్సులోకీ కంప్యూటర్ వచ్చింది, సీసమంతా తూకానికి పోయింది. ఆయన చేతి నేర్పుతో ఇక ఎవరికీ పని లేకపోయింది. అప్పుడు మా ఇంట్లో కమ్ముకున్న దిగులు నేను మరిచిపోలేదు. కానీ ఏ వరుసలో ఖాళీ ఎక్కువైందో, ఏ మాట ఎక్కడ విరిగితే అర్థం చెడుతుందో పసిగట్టే కన్ను ఆయనకు అలాగే ఉంది. కొన్నాళ్లకు కంప్యూటర్ మీద పనిచేసే కుర్రాళ్లే పేజీలు పట్టుకొని ఆయన దగ్గరకు వచ్చేవారు.

మీ అబ్బాయి చదువులోనూ చేతిపని వేరు, కన్ను వేరు. అడిగిన కోడు గబగబా రాసిపెట్టడం యంత్రానికి వచ్చేసింది. కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లకు అప్పగించే తేలిక పనులకే ముందుగా ముప్పు, కాబట్టి మీ భయం ఊరికే పుట్టింది కాదు. అయితే అసలు ఏం కావాలో మనిషే తేల్చాలి, యంత్రం ఇచ్చినదాంట్లో ఎక్కడ తేడా ఉందో పట్టుకోవాలి. తప్పు దొరికేదాకా లేవని పిల్లవాడికి ఆ కన్ను అబ్బుతుంది.

ఇక మీ మరిది జోస్యం. ఫోర్‌ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వస్తే కోడు రాయడం, తప్పులు వెతకడం దాదాపు ఉండవని 1954లోనే కంప్యూటర్ల కంపెనీ ఐబీఎం నివేదికలో రాశారు. ఆ తర్వాతే ప్రోగ్రామర్లు వేలకు వేలయ్యారు. 2016లో ఏఐ పరిశోధకుడు జెఫ్రీ హింటన్, ఎక్స్‌రేలు, స్కాన్లు చూసి రోగం చెప్పే డాక్టర్లకు, అంటే రేడియాలజిస్టులకు, ఇక శిక్షణ ఆపేయాలి, ఐదేళ్లలో యంత్రమే వారిని మించుతుందన్నారు. 2024లో నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త ఆయన! రేడియాలజిస్టులు ఇప్పటికీ పనిచేస్తూనే ఉన్నారు. ఆ మాట విని ఆ చదువు వదులుకున్న పిల్లలెవరైనా ఉంటే, వాళ్లను తలచుకుంటే నాకు కష్టంగా ఉంటుంది.

కోర్సు ఎంచుకునేటప్పుడు పేరులో కొత్త మాట ఉందని మోజుపడకండి. గణితం, గణాంక శాస్త్రం గట్టిగా చెబుతారో లేదో చూడండి. అనుకున్నది తేటగా రాయడం కూడా వాడు నేర్చుకోవాలి, యంత్రానికి పని చెప్పాలన్నా అది కావాలి.

ఈ రాత్రి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని, ఆ తప్పు చివరికి ఎక్కడ దొరికిందో, ఎలా వెతికాడో చెప్పమనండి. సగం అర్థం కాకపోయినా మధ్యలో ఆపకండి. విన్నాక నాకు మళ్లీ రాయండి.